వెనక సీటు మీద తువ్వాల

నాకు కోపం తొందరగా వస్తుంది, అంత తొందరగా పోదు. ఈ సంగతి మా క్యాంపులో వంటమనిషి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ తెలుసు. నా ఫోనులో ఉన్న కారు యాప్‌కి మాత్రం తెలియదు. దాని దృష్టిలో నేను చాలా మర్యాదస్తుణ్ని. నా పేరు పక్కన చాలాకాలం నాలుగు పాయింట్ తొమ్మిది ఉండేది. కారు దిగాక మనం డ్రైవరుకు స్టార్లు ఇస్తామని అందరికీ తెలుసు. డ్రైవరు కూడా మనకిస్తాడని, తర్వాత మనం పిలిచినప్పుడు ఇంకో డ్రైవరు ఆ అంకె చూసుకునే రావాలో మానాలో తేల్చుకుంటాడని చాలామందికి తెలియదు. నాకు తెలిసిన రోజు నుంచి పొద్దున లేవగానే ఆ అంకెను ఒకసారి చూసుకోవడం అలవాటైంది. బడిలో ఏ మాస్టరూ నాకు అన్ని మార్కులు వేసిన పాపాన పోలేదు మరి.

మా కంపెనీ క్యాంపు ఈ అరబ్బు దేశంలో హుఫూఫ్ అనే ఊరి బయట, ఖర్జూరం తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంది. నేను అక్కడ ఆఫీసు గదిలో హాజరీ చూస్తాను, పనివాళ్ల ఇఖామాలు, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డులు, గడువు దాటకుండా రెన్యువల్‌కు పంపుతుంటాను. నాది కడప వైపు. గదుల్లో ఉండేవాళ్లలో ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి వచ్చిన మేస్త్రీలు, ప్లంబర్లు, రంగులు వేసేవాళ్లు. ఆ దారిన బస్సు రాదు. శుక్రవారం వచ్చిందంటే అందరికీ ఊళ్లో పనుంటుంది. ఒకరికి ఇంటికి డబ్బు పంపాలి, ఒకరికి క్షవరం చేయించుకోవాలి, ఇంకొకరికి ఊరికే మార్కెట్లో తిరిగి తెలుగు మాట్లాడేవాడు ఎవడైనా తగులుతాడేమో చూడాలి. యాప్ ఎవరి ఫోనులోనైనా వేసుకోవచ్చు. వేసిస్తానని నేనే ఎన్నోసార్లు అన్నాను. "నువ్వుండంగ మాకెందుకా లొల్లి భాయ్? ఒక బండి పిలువు," అనేవాళ్లు. అలా క్యాంపులో సగం మంది నా పేరు మీదే ఊరు తిరిగేవాళ్లు. వాళ్లు చూపించిన మర్యాదా, చేసిన అమర్యాదా అన్నీ నా ఖాతాలోకే వచ్చి పడేవి.

ఇక్కడ ఈ యాప్ కార్లు నడిపేది ఎక్కువగా ఈ దేశంవాళ్లే, తమ సొంత కార్లలో. కొందరు ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లు, కొందరు ఆఫీసు అయ్యాక నాలుగు ట్రిప్పులు వేసుకునేవాళ్లు. తాము కిరాయి డ్రైవర్లమని వాళ్లు అనుకోరు. తమ కారులో మనల్ని ఎక్కించుకున్నామని అనుకుంటారు. ముందు సీటు మీద పర్సు, మంచి అత్తరు వాసన, అద్దం దగ్గర టిష్యూ పేపర్ల డబ్బా, అన్నీ ఇంట్లో హాలులాగే ఉంటాయి. మనం చుట్టాల ఇంటికి పోయినట్టు ఎక్కాలి తప్ప ఆటో ఎక్కినట్టు ఎక్కకూడదు.

అందుకని అందరికీ పాఠాలు చెప్పేవాణ్ని. కారు గేటు దగ్గరికొచ్చాక చెప్పులు వెతుక్కోవద్దు. తలుపు దబ్బున వేయొద్దు. నలుగురికి మించి ఎక్కొద్దు, ఐదోవాడు కాళ్ల దగ్గర ముడుచుకుని కూర్చుంటానన్నా సరే. ఎండుచేపల సంచీ ఒళ్లో పెట్టుకుని ఏసీ కారు ఎక్కొద్దు. ఇంటికి వీడియో కాల్ చేసి స్పీకరులో బామ్మర్దితో పోట్లాడొద్దు. దిగేటప్పుడు షుక్రన్ అని థాంక్స్ చెప్పాలి, అదీ దిగాక కాదు, దిగకముందు. ఇన్ని చెప్పేసరికి వాళ్లు నాకు 'స్టార్ల సారు' అని పేరు పెట్టారు. చాటుగా కాదు, ముఖం మీదే పిలిచేవాళ్లు. ఒళ్లు మండేది. ఫోను తీసి అంకె చూసుకుంటే కాస్త చల్లబడేది.

ఆ పాఠాలు అక్కర్లేని మనిషి క్యాంపు మొత్తానికి ఒక్కడే అనుకునేవాణ్ని. ఆయన మా టైల్స్ మేస్త్రి. జగిత్యాల దగ్గర పల్లె, యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఎవరికీ అడ్డం రాకుండా గోడ వారగా నడుస్తాడు. తలుపు ఎంత మెల్లగా వేస్తాడంటే అది పడదు, మళ్లీ ఇంకొకరు తీసి వేయాలి. పనిలో మాత్రం మెల్లతనం ఉండదు. నేల పరిచాక రసమట్టం పెట్టి చూసుకుంటాడు, దారం కట్టి చూసుకుంటాడు, అయినా తృప్తి ఉండదు. చివరికి చెంప నేలకు ఆనేంత వంగి, కుడి కన్ను మూసి, ఎడమ కంటితో గీతల వెంట ఆ కొస దాకా చూస్తాడు. అప్పుడు గానీ లేవడు.

ఆ ఎడమ కంటికే వచ్చింది చేటు. ఒకరోజు ఆఫీసు గదిలో ఎవరూ లేనప్పుడు వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"భాయ్, ఈ కన్నుల సాలెగూడు లెక్క నల్లగ ఆడుతంది. టైలుకు టైలుకు నడుమ సందు ఉన్నదో లేదో తెలుస్తలేదు. సూపర్‌వైజర్‌కు మాత్రం చెప్పకు."

ఊళ్లో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. షుగరు వల్ల కంటి లోపల రక్తం చిమ్మిందన్నారు. లేజరు పెట్టాలి, కంట్లో ఇంజెక్షన్లు వేయాలి, మధ్యలో కొన్ని వారాలు ఎడం ఇస్తూ వరసగా కొన్నిసార్లు రావాలి. వరస తప్పితే పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు ఖండితంగా చెప్పింది. తప్పిన తేదీకి బదులు ఇంకో తేదీ కావాలంటే నెలలు పడుతుంది. కన్ను సరిగా కనబడని మేస్త్రిని కంపెనీ ఉంచుకోదు, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తుంది. అందుకని కంపెనీ బండి అడగడానికి వీల్లేదు. షుగరు చూపించుకోవాలని చెప్పి ఆయన సగం పూట సెలవు తీసుకోవాలి, సైటు దగ్గరికి నేను కారు పిలవాలి. అంటే ఆ కన్ను నిలవాలంటే, నా ఫోను పిలిచినప్పుడల్లా కారు రావాలి. అంత పెద్ద సంగతి ఒక చిన్న అంకెను పట్టుకుని వేలాడుతుందని అప్పుడు నాకు తోచలేదు.

స్కానింగులకని, రక్త పరీక్షలకని ఆయన ఆసుపత్రికి తిరగడం మొదలుపెట్టాడు. నేను ఆఫీసు నుంచే కారు పిలిచేవాణ్ని, ఆయన సైటు గేటు దగ్గర ఒక్కడే ఎక్కి పోయి వచ్చేవాడు. అదే రోజుల్లో నా అంకె జారడం మొదలైంది. నాలుగు పాయింట్ తొమ్మిది కాస్తా ఎనిమిదైంది. తర్వాత ఏడు. ఆరు కూడా చూసిన రోజు నేను పొద్దున టీ తాగలేదు.

ఆ శుక్రవారం మెస్‌లో భోజనాల దగ్గర పంచాయితీ పెట్టాను. ఎవరు చేశారో చెప్పమన్నాను. ఎవరికి వారు దేవుడి మీద ఒట్టేశారు. రంగులేసే ఒకాయన తన బట్టల రంగు సీటుకు ఎన్నడూ అంటలేదని లేచి నిలబడి మరీ చెప్పాడు. ప్లంబరు ఒకడు, "స్టార్లు పోతే పోయినయ్ సారూ, మొగులు మీద చానా ఉన్నయ్," అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రి మాత్రం నవ్వకుండా పప్పులో అన్నం కలుపుకుంటూ, "ఆయిన్ని సతాయించకుండ్రి, ఆయిన పేరు ఖరాబైతంది," అని వాళ్లను మందలించాడు. నాకు కోపం నషాళానికంటింది. ఇకమీదట ఎవరికీ కారు పిలవను, మేస్త్రికి ఒక్కడికే పిలుస్తానని తెగేసి చెప్పాను. రెండు వారాలు క్యాంపులో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

అంకె అప్పుడైనా నిలవాలి కదా. నిలవలేదు. ఇంకా జారింది. నా ఫోను మీద కారెక్కేది ఇక ఇద్దరమే, నేనూ మేస్త్రీ. మేస్త్రిని అనుమానించడానికి నాకు మనసొప్పలేదు, అసలు ఆ ఆలోచనే రాలేదు. కాబట్టి లోపం నాలోనే ఉందని తేల్చుకున్నాను. నా మొహంలో చిరాకు కనిపిస్తోందా? నా చెమట వాసనా? డ్రైవర్లు పలకరిస్తే ముక్తసరిగా జవాబిస్తున్నానా? అప్పటినుంచి కారెక్కగానే నవ్వేవాణ్ని. పిల్లలు బాగున్నారా అని అడిగేవాణ్ని. ఒక డ్రైవరుకు పెళ్లి కూడా కాలేదు, నా వైపు అదోలా చూశాడు. అత్తరు సీసా ఒకటి కొని చొక్కాకు పూసుకుని ఎక్కేవాణ్ని. మా ఇంటావిడ ఫోనులో ఇదంతా విని, "నాతో ఒక్కనాడన్నా అంత మర్యాదగా మాట్లాడినావా?" అంది. అది నిజమే గనుక మాట మార్చాను.

ఇంతలో కార్లు రావడమే మానేశాయి. పిలిస్తే ఒకడు ఒప్పుకుంటాడు, తెరమీద చిన్న కారు బొమ్మ మా వైపు కదులుతుంది, అంతలో ఆగిపోతుంది, వెనక్కి తిరుగుతుంది. మళ్లీ ఇంకొకరి కోసం వెతకడం. ఒకసారి పరీక్షకు మేస్త్రి ఆలస్యంగా చేరి, ఆసుపత్రిలో వాళ్లను బతిమాలుకుని లోపలికి పోవాల్సి వచ్చింది. మొదటి లేజరు ఎలాగో అయింది. రెండోదానికి నేనూ వెంట పోదామని సెలవు పెట్టాను. కారు రాకపోతే రోడ్డు మీద ఎవరికైనా చెయ్యి అడ్డం పెట్టే మనిషి కాదాయన. ఎండలో నిలబడి, రాలేదు భాయ్ అని సాయంత్రం నాకు వచ్చి చెప్పే రకం.

సైటు గేటు దగ్గర నీడ కోసం కట్టిన పచ్చ గుడ్డ కింద ఇద్దరం నిలబడ్డాం. ఆయన నేరుగా పని మీంచి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా సిమెంటు, చేతుల మీద తెల్లటి పొడి, భుజాన తువ్వాల. మొదటి కారు ఒప్పుకుని మానుకుంది. రెండోది కూడా అంతే. మూడోది రోడ్డు మలుపు దాకా వచ్చింది, కళ్లతో చూశాను, అక్కడే తిప్పుకుని వెళ్లిపోయింది. నేను ఫోనును, ఆ డ్రైవర్లను, ఈ ఎండను, కంపెనీని అన్నిటినీ కలిపి తిట్టాను. మేస్త్రి నా తిట్లు అయిపోయేదాకా ఆగి, "పోనియ్ భాయ్. అచ్చేదుంటె అస్తది," అన్నాడు. ఎడమ కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కుడి కంటితో రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆ కన్ను పోతే ఈ మనిషి ఇంటికి పోయి ఏం చేస్తాడనుకుంటూ మళ్లీ యాప్ నొక్కాను.

నాలుగోది వచ్చింది. పెద్ద తెల్ల కారు, పాతదే అయినా అద్దంలా కడిగి ఉంది. స్టీరింగు వెనక తెల్ల గడ్డం, తలమీద ఎర్ర గళ్ల గుడ్డతో ఒక పెద్దాయన. నేను పరుగున పోయి సలాం చెప్పి, ఆసుపత్రికి తొందరగా పోవాలని బతిమాలే ధోరణిలో చెబుతున్నాను. ఆయన ముందు సీటు మీది పర్సు తీసి పక్కన పెట్టుకుని, మేస్త్రి వైపు చూసి ముందుకు రమ్మని చేత్తో సీటు తట్టాడు. మేస్త్రి రెండు చేతులూ జోడించి "లా, లా," అన్నాడు, వద్దు వద్దని. వెనక తలుపు తీశాడు. భుజం మీది తువ్వాల తీసి రెండుసార్లు దులిపి, వెనక సీటు మీద ముడతల్లేకుండా పరిచి, దాని మీద ఒదిగి కూర్చున్నాడు.

పెద్దాయన అద్దంలో అంతా చూశాడు. ఇంజను ఆపేశాడు.

"సదీక్, నా కారు వస్ఖ్‌గా ఉందా?" అన్నాడు. సదీక్ అంటే స్నేహితుడు, వస్ఖ్ అంటే మురికి. గొంతు పెద్దది చేయలేదు, అదే నన్ను భయపెట్టింది. "రోజూ కడుగుతాను. నా మనవలు కూర్చునే సీటు అది. నా పక్కన కూర్చోవడానికి ఇతనికి నామోషీనా? నేను మీ ఇంటి డ్రైవరునా? దిగమను. మీ ఇద్దర్నీ తీసుకుపోను."

నాకు అంతా ఒక్కసారి అర్థమైంది. ఇక్కడ మగవాడు ఒంటరిగా కారెక్కితే నడిపేవాడి పక్కనే కూర్చుంటాడు. వెనక కూర్చుంటే అతన్ని నౌకరుగా చూసినట్టు. ఇది నాకు తెలుసు, అందరికీ తెలుసని అనుకున్నాను. గుంపుగా పోయినప్పుడు ఎవరో ఒకరు ముందు కూర్చోక తప్పదు గనుక ఆ పాఠం చెప్పే అవసరమే రాలేదు. నేను కాక ఒంటరిగా తిరిగింది మేస్త్రి ఒక్కడే.

"అన్నా, రోజూ ఇట్లనే కూచుంటాండావా?" అని అడిగాను.

"అవు భాయ్."

"ముందుకు రమ్మని ఎవరూ పిలవల్యా?"

"పిల్వకేంది, అందరు పిల్చిన్రు. మర్యాదకు పిలుస్తరు. పిలువంగనే పొయ్యి ముందట కూసుంటరా ఎవలన్న?"

"ఆ తువ్వాల ఏంటికి పరిచినావన్నా?"

"బట్టల నిండ సిమెంటాయె. ఆయిన సొంత కారు. ఖరాబు చేసుడెందుకని..." అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైంది భాయ్? తప్పైందా?"

తప్పా! క్యాంపు మొత్తంలో ఏ తప్పూ చేయనివాడని నేను మినహాయించిన మనిషి, తను నేర్చుకున్న మర్యాదంతా ఒద్దికగా పాటిస్తూ, ఎక్కిన ప్రతి కారులోనూ ఒకరి మనసు నొప్పించి దిగాడు. ఎదుటివాడు పిలిస్తే మొదటిసారి వద్దనడం మనకు మొహమాటం. మంచివాడికే ఉంటుందది. ఆ మొహమాటమే ఇప్పుడు ఆయన కంటి మీదికొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇదంతా ఆ పెద్దాయనకు ఎలా చెప్పను? నా అరబీ అంతా కాగితాల అరబీ. గడువు, ముద్ర, సంతకం, గైరుహాజరు. మొహమాటానికి అందులో మాట లేదు.

మేస్త్రి చెయ్యి పట్టుకుని కిందికి దింపాను. ఆయన ప్యాంటు మీద నా అరచేత్తో రాసి, ఆ సిమెంటు పొడి పెద్దాయనకు చూపించాను. "కారు శుభ్రం. ఈయన వస్ఖ్. తువ్వాల కారు కోసం, ఈయన కోసం కాదు. ముందు సీటు పెద్దవాళ్ల సీటని వెనక్కి పోయాడు," అని వచ్చిన మాటలన్నీ కలిపి చెప్పాను. చెబుతుండగానే మేస్త్రి తల దించుకోవడం కనిపించింది. అరబీ ఆయనకు రాదు, కానీ వస్ఖ్ అనే మాట ప్రతి సైటులో ప్రతి సూపర్‌వైజరూ అంటాడు, అది మాత్రం తెలుసు. ఆయన ముందే ఆయన్ని మురికి మనిషి అన్నాను. కారు పోతుందనే భయంలో అన్నాను గానీ, ఆ తల అలా దిగడం చూశాక నా నోరు నేనే కొట్టుకోవాలనిపించింది.

పెద్దాయన నా చేతినీ, మేస్త్రి ప్యాంటునూ, వెనక సీటు మీద ముడత లేకుండా పరిచిన తువ్వాలనూ చూశాడు.

"వస్ఖ్ అనొద్దు," అన్నాడు నాతో. "షుగుల్ అను."

షుగుల్ అంటే పని. ఆ మాట కూడా మేస్త్రికి తెలుసు. తలెత్తి చూశాడు.

పెద్దాయన దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ముందు తలుపు తనే తెరిచాడు. మేస్త్రి నా వైపు చూశాడు. "పో అన్నా, ఈసారి వద్దనాకు," అన్నాను. వెళ్లి కూర్చున్నాడు. అదేం కూర్చోవడం! సీటు కొసన, వీపు ఎక్కడా తగలకుండా, చేతులు గాలిలో ఉంచుకుని. బెల్టు పెట్టుకోమంటే అది చొక్కాకు తగిలి దుమ్ము అంటుతుందని వేలితో కాస్త ముందుకు లాగి పట్టుకున్నాడు. నేను వెనక ఆయన తువ్వాల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా ఆ వీపు కడ్డీలా నిలువుగా ఉంది. సమయానికి చేరాం.

లేజరు అయ్యేసరికి పొద్దు వాలింది. మేస్త్రి ఎడమ కంటికి దూది పెట్టి కట్టు కట్టి, రాత్రికి తీసేయొచ్చన్నారు. బయటికొచ్చి కారు కోసం ఫోను తీశానో లేదో, చెట్టు కింద ఆ తెల్ల కారే కనిపించింది. పెద్దాయన దగ్గర్లో నమాజు చేసుకుని వచ్చి కూర్చున్నాడట. ఫ్లాస్కులోంచి చిన్న గిన్నెల్లో గావా, అంటే వాళ్ల కాఫీ, పోసి ఇచ్చాడు. మేస్త్రి నోట్లోంచి "లా" అనేది సగం బయటికొచ్చింది. నేను కాలు తొక్కాను. తాగాడు. ఆ చేదుకు మొహం చిట్లించిన తీరు చూసి పెద్దాయన గట్టిగా నవ్వాడు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఆ సంగతి చెప్పడం నేను మరిచాను. మేస్త్రి మర్యాదగా మళ్లీ మళ్లీ తాగాడు.

దింపేటప్పుడు పెద్దాయన తన నంబరిచ్చాడు. "తేదీ వచ్చినప్పుడు ముందు నాకు ఫోన్ చెయ్యి. గేటు పక్కనే వచ్చి నిలబడతాను. అప్పుడు యాప్‌లో నొక్కు, దగ్గరున్న నాకే పడుతుంది," అన్నాడు. ఆ రోజు నుంచి కారు కోసం మాకు వెతుకులాట లేదు.

మెస్‌లో అందరికీ కన్ను సంగతి దాచి ఈ కథ చెప్పి, ముందు సీటు పాఠం కూడా చెప్పి, నిషేధం ఎత్తేశాను. మేస్త్రి మాత్రం చాలా బాధపడ్డాడు. తన కన్ను గురించి అంత బాధపడగా నేను చూడలేదు. "ఎందర్ని తక్కువ చేసిన్నో ఏమో భాయ్. ఆళ్లందరు నన్ను ఎసొంటోడనుకున్నరో," అని చాలా రోజులు అంటూనే ఉన్నాడు. మళ్లీ కనబడితే చెప్పుకుందామంటే ఎవరో, ఎక్కడో. నా పేరు పోయిందని కూడా మధనపడ్డాడు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు ఆ అంకె మీద మోజు పోయింది. ఇన్నాళ్లూ నా మంచితనమనుకున్న నాలుగు పాయింట్ తొమ్మిదిలో ఎంతమంది మంచితనం ఉందో, ఇప్పుడు పోయినదాంట్లో ఎంత అపార్థం ఉందో చెప్పేవాడు లేడు.

ఆ తర్వాతి సిట్టింగులకు నేను వెంట పోలేదు, అవసరం పడలేదు. పెద్దాయనకు తెలుగు రాదు, మేస్త్రికి అరబీ రాదు. అయినా వచ్చాక, "ఆయిన బిడ్డకు మొన్న కొడుకు పుట్టిండట భాయ్," అని కబుర్లు చెప్పేవాడు. ఎలా అర్థమైందంటే నవ్వేవాడు. చివరి సిట్టింగు ముందు పరీక్షలో డాక్టరు కన్ను నిలిచిందని చెప్పింది. గీతలు మళ్లీ తిన్నగా కనబడుతున్నాయని మేస్త్రి నా టేబులు అంచు వెంట ఒక కన్ను మూసి చూసి మరీ చెప్పాడు. మధ్యలో ఒకరోజు పెద్దాయన నాకు ఫోన్ చేసి, "నీ స్నేహితుడికి నడుం నొప్పా? ఎప్పుడూ వెనక్కి వాలడేం?" అని అడిగాడు. నడుముకేం లేదు, సీటుకు దుమ్ము అంటుతుందని భయమని చెప్పాను. ఆయన అంతటితో ఫోన్ పెట్టేశాడు.

చివరి సిట్టింగు రోజు నేనూ పోయాను. కారు గేటు దగ్గర ఎప్పటి చోటే ఉంది. మేస్త్రి పని మీంచి అలాగే వచ్చాడు, మోకాళ్ల దాకా సిమెంటుతో. ఈసారి మొహమాటం లేకుండా నేరుగా పోయి ముందు తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు. ముందు సీటు నిండా, వీపు ఆనించే చోటు పైదాకా, మందపాటి కొత్త టవల్ పరిచి ఉంది.

మేస్త్రి ఆ టవల్ వైపు ఒకసారి, తన ప్యాంటు సిమెంటు వైపు ఒకసారి చూశాడు. మెల్లగా తలుపు వేసి, ఎప్పటిలాగే అది పడలేదు, వెనక తలుపు వైపు నడిచాడు.

"ఇన్ని దినాలు మంచిగనే ఉన్నడు భాయ్," అన్నాడు నాతో, చిన్న గొంతుతో. "ఆయినకు గూడ యాష్టకచ్చినట్టున్నది. నేనెన్కనే కూసుంట."

నాకు కోపం జివ్వున లేచింది. ఇదేంటని పెద్దాయన్నే నిలదీశాను. ఆయన నా కోపం చూసి తెల్లబోయాడు. తర్వాత సీటు వీపును అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"నా సీటు కోసం కాదయ్యా. అతని కోసం. దీన్ని ఉతుక్కుంటాను, ఎంత దుమ్మయినా పర్వాలేదు. ఇంక భయం లేదు కదా. ఈ ఒక్కరోజన్నా వాలమని చెప్పు."

మేస్త్రికి ఆ మాటలు తెలుగులో చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది. విన్నాక ఆయన వెనక తలుపు దగ్గర్నుంచి కదిలాడు. తిరిగి వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు, అలవాటు కొద్దీ కొసనే. కారు కదిలింది. ఖర్జూరం తోటలు మొదలయ్యే దగ్గర చూశాను, ఆ నిలువు వీపు కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతోంది. భుజాలు టవల్‌కు ఆనాయి. తర్వాత తల కూడా ఆనింది. గాలిలో ఉండే చేతులు ఒళ్లోకి దిగాయి.

చాలాసేపటికి తల తిప్పకుండానే నాతో అన్నాడు.

"సీటు మెత్తగున్నది భాయ్."